అన్న తెచ్చిన కొత్త క్యాసెట్టు

మొన్న మా మనవరాలు ఫోను చూపిస్తూ, నేను చిన్నప్పటి నుంచీ చెవి కోసుకునే ఆ ఇంగ్లండు రాక్ బృందం మళ్ళీ కొత్త ఆల్బమ్ తెచ్చిందని చెప్పగానే, మోకాళ్ళ నొప్పి సంగతి కూడా మరిచిపోయి దిగ్గున లేచాను. ఆ ముసలివాళ్ళు ఇంకా వాయిస్తున్నారా అని ఒకటే సంబరం, ఏం పాడు చేసి పెట్టారో అని లోపల కాస్త భయం.

డెబ్బైల మొదట్లో మేము బెల్లంపల్లిలో ఉండేవాళ్ళం. నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలిచేవాళ్ళం. బాపు బొగ్గుబావిలో పనిచేసేవాడు. చదువుకని ఇంగ్లండు వెళ్ళి వచ్చిన మేనమామ ఒక రికార్డు ప్లేయరూ, ఆ బృందం రికార్డూ మా ఇంట్లో పెట్టాడు. ఒక వైపంతా ఒకే పాట. ఆర్గన్ మెల్లగా మొదలై, గిటారు తోడై, డ్రమ్ములు విరుచుకుపడి, ఎక్కడెక్కడో తిరిగి మళ్ళీ మొదటి రాగానికే చేరేది. మాట ఒక్కటీ అర్థం కాకపోయినా నేనూ అన్నా బోర్లా పడుకుని ఊపిరి బిగబట్టి వినేవాళ్ళం. అవ్వ మాత్రం బియ్యం చెరుగుతూ, "గిదేం పాటనే, మొదలైతది గని ఒడువదు!" అని విసుక్కునేది.

ఎనభైల్లో అన్న మస్కట్ వెళ్ళాడు. మొదటిసారి సెలవుకు వస్తూ టేప్ రికార్డరూ, ఆ బృందం కొత్త క్యాసెట్టూ తెచ్చాడని తెలిసి, అప్పటికే పెళ్ళై నస్పూర్‌లో కాపురం ఉంటున్న నేను పుట్టింటికి పరుగున వచ్చాను. ఆత్రంగా మీట నొక్కాను. పాట మొదలైంది, రెండు చరణాలు పాడారు, అయిపోయింది. తర్వాతిదీ అంతే. ఆర్గన్ లేదు, ఆ తీరుబడి తిరుగుడూ లేదు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"గీళ్ళు మనోళ్ళు గాదన్నా, ఎవరో వేరేటోళ్ళు," అన్నాను.

అన్న టేప్ రికార్డరు ఆపాడు. "ఆడ ఒక్క రూంల శానమందిమి ఉంటం చెల్లె. డ్యూటీ నుంచి వచ్చి పండేలోపల ఒక్క పాట ఇంటే అదే గొప్ప. గంత పొడుగు పాట నేనెప్పుడు వినాలె? గీ చిన్నయి నాకోసమే చేసిండ్రనుకున్న," అన్నాడు.

 అన్న తిరిగి వెళ్తూ టేప్ రికార్డరూ, క్యాసెట్టూ నాకే ఇచ్చిపోయాడు. మా ఇంట్లో ఇంకో క్యాసెట్టు లేదు కనుక, వంట చేస్తూ అలకతోనే రోజూ అదే వినేదాన్ని. అలా నెలలు గడిచాక ఒక సాయంత్రం, ఒక పాటలో రెండు చరణాల మధ్య, గిటారు అచ్చం మునుపటిలా జారి, మెలి తిరిగి, మాయమైంది. గరిటె వదిలేసి కేక పెట్టాను. చెయ్యి కాలిందేమోనని మా ఆయన వాకిట్లోంచి ఉరికొచ్చాడు. "వాళ్ళే, మనోళ్ళే!" అని ఆయన్ని కుదిపేశాను. పాత రికార్డు మీద ప్రేమ ఇసుమంతైనా తగ్గలేదు కానీ, ఆ తర్వాత వాళ్ళు ఏది తెచ్చినా తిట్టుకుంటూనే ఆత్రంగా ఎదురుచూశాను.

మొన్నటి ఆల్బమ్‌లో గాయకుడి గొంతు బాగా దిగిపోయింది. అయినా రెండు పాటలకు ఒళ్ళు పులకరించింది. మూడోది నచ్చలేదు, వేలు దానంతటదే తర్వాతి పాటకు జరిగిపోయింది. మన ఈడువాళ్ళకు చెప్పనక్కరలేదు, అప్పట్లో నచ్చనిదాన్ని కూడా గతిలేక వినేవాళ్ళం, వినగా వినగా అది మనదయ్యేది. ఇప్పుడు లోకంలోని పాటలన్నీ నా అరచేతిలో ఉన్నాయి, నచ్చని పాట దగ్గర కాసేపు కూర్చునే ఓపిక మాత్రం ఎప్పుడు పోయిందో నాకే తెలియలేదు.