రెండు హారన్లు

లారీ కదిలించే ముందు రెండుసార్లు హారన్ కొట్టడం పాంపాంకి ఊపిరి పీల్చడం లాంటిది. సొంత దేశంలో ఇరవై తొమ్మిదేళ్ళు లారీ తోలాడు. మలుపు వస్తే ఒక హారన్, కుక్క కనిపిస్తే ఒకటి, తెలిసిన కొట్టు దాటుతుంటే పలకరింపుగా ఇంకొకటి. ఎదురొచ్చే డ్రైవర్లతో కుశలప్రశ్నలన్నీ హారన్ మీదే అయిపోయేవి. పదేళ్ళుగా చెవుడున్న ఓ ముసలాయన ఆ మోతకి మంచం మీద లేచి కూర్చుని "ఎవర్రా అది?" అన్నాడని చెప్పుకుంటారు. అబద్ధమైతే ఆ పాపం చెప్పినవాళ్ళదే. అతని అసలు పేరు కాగితాల్లో చూస్తేగాని కట్టుకున్న పెళ్ళానికైనా గుర్తొచ్చేది కాదు.

అన్ని హారన్లూ ఒక ఎత్తు, బయలుదేరేటప్పటి రెండూ ఒక ఎత్తు. లారీ ఆగగానే క్లీనరు వెనక చక్రం కింద చెక్కదిమ్మ పెడతాడు, బయలుదేరే ముందు దాన్ని లాగేస్తాడు. రెండు హారన్లు వినపడ్డాయంటే "కదులుతున్నా, చేతులు తియ్" అని అర్థం. అవి వినపడేదాకా బండి అంగుళం కూడా కదలదు. పాంపాం దగ్గర క్లీనరు ఎవరో కాదు, సొంత బావమరిదే. పద్దెనిమిదేళ్ళు ఆ రెండు హారన్లనే నమ్ముకుని చక్రాల కింద చేతులు పెట్టాడు.

యజమాని లారీ అమ్మేసుకున్నాక ఇద్దరూ ఒకే గోదాములో పని సంపాదించి పరాయి దేశం చేరారు. బావ డ్రైవరు, బావమరిది లోడింగ్. పాంపాం వెంట అంతర్జాతీయ పర్మిట్ తెచ్చుకున్నాడు. ఫోటో అంటించిన చిన్న పుస్తకం అది. సొంత లైసెన్సు పక్కన పెట్టి చూపిస్తేనే చెల్లుతుంది, అదీ ఏడాదే. ఏడాది దాటితే దాన్ని విసనకర్రగా విసురుకోవాల్సిందే. ఆలోగా అక్కడి పెద్దబండి లైసెన్సు తీసుకోవాలి. కంటి పరీక్ష, రాత పరీక్ష, ఆపైన రోడ్డు మీద పరీక్ష. రోడ్డు పరీక్షకి మూడు అవకాశాలు. మూడూ పోతే మళ్ళీ ఏడాది దాకా ఆ గడప తొక్కనివ్వరు. మేనేజరు ముందే చెప్పాడు, లైసెన్సు రాకపోతే డ్రైవరు ఉద్యోగం లేదు, ఉద్యోగం లేకపోతే వీసా లేదు, ఇంటిదారే.

కంటి పరీక్షా, రాత పరీక్షా గట్టెక్కాయి. మొదటి రోడ్డు పరీక్షలో పావుగంటలో పదకొండు హారన్లు కొట్టాడు. పక్కన కూర్చున్న పరీక్షాధికారిణి లెక్కపెట్టి మరీ రాసుకుంది.

"ఎవర్ని తిడుతున్నారు మీరు?" అందామె.

"తిట్టడమేంటమ్మా, పలకరించా!"

ఆ దేశంలో హారన్ అంటే తిట్టే. రెండో పరీక్షలో బండి కదలనే లేదు. బెల్టు పెట్టుకుని, తాళం తిప్పి, అలవాటుగా రెండు కొట్టాడు. "దిగండి," అందామె. పర్మిట్‌కి ఇంకా పద్దెనిమిది రోజులే గడువు. ఇన్సూరెన్సువాళ్ళు ఒప్పుకోరంటూ మేనేజరు పరీక్ష అయ్యేదాకా బండి ముట్టుకోవద్దన్నాడు.

ఇద్దరూ ఉండే గదిలో రెండు మంచాలు, మధ్యలో ఒకే స్టూలు. బావమరిది బావని ఆ స్టూలు మీద కూర్చోబెట్టి చేతికి స్టీలు పళ్ళెం ఇచ్చాడు. తను ఎదురుగా మంచం మీద బాసింపట్టు వేసుకుని చెక్క స్కేలు పట్టుకున్నాడు.

"ఊఁ, బయలుదేరు బావా."

పాంపాం పళ్ళెం తిప్పాడు. బొటనవేలు దానంతటదే నడిమధ్యకి పోయింది. స్కేలు ఠపీమని వేలి మీద పడింది.

"అబ్బా! చంపేస్తావేంట్రా?"

"ఆ ఒక్క వేలూ చస్తే లైసెన్సు బతుకుతుంది. అద్దం చూడు. ఎడమది, కుడిది. ఎవరూ లేరా?"

"నువ్వున్నావుగా, యముళ్ళా."

"నన్ను లెక్కలోంచి తీసెయ్. ఎవరూ లేకపోతే కదలడమే. హారన్ మాటే లేదు. మళ్ళీ!"

"మీ అక్కతో చెప్తా నీ సంగతి."

"చెప్పు. అక్కకైతే ఈపాటికి స్కేలు విరిగేది."

పదిహేను రోజులు అదే పని. ఆఖరికి నిద్రలో కూడా పాంపాం బొటనవేలు ముడుచుకునే పడుకున్నాడు. మూడో పరీక్షలో ముప్పావుగంట బండి నడిపాడు. చీమకి కూడా వినపడనంత నిశ్శబ్దంగా నడిపాడు. పరీక్షాధికారిణి మొదటిసారి నవ్వింది. మర్నాడే కార్డు చేతికొచ్చింది.

ఆ మర్నాడు ఉదయం మళ్ళీ బండెక్కాడు. నిండా గాజు పలకల లోడు. గోదాము ముందు నేల కొంచెం ఏటవాలుగా ఉంటుంది. అక్కడి పద్ధతి ప్రకారం లోడింగ్ మనిషి దిమ్మ తీసి, డ్రైవరు కిటికీ పక్కకి వచ్చి నిలబడి దాన్ని చూపించాలి. మొదటి రోజే మేనేజరు చెప్పాడు, బావమరిది బుద్ధిగా తలూపాడు. తలూపాడే గాని, ఏడాది పొడుగునా ఆ గోదాము ఆవరణలో ఇద్దరూ తమ పాత పద్ధతే నడిపారు.

"లైసెన్సు దొరగారూ, దయచేయండి!" అని తలుపు మీద చరిచి బావమరిది వెనక్కి వెళ్ళాడు. బరువుకి దిమ్మ బిగుసుకుపోయింది. చక్రం వెనక, అద్దాలకి అందనిచోట గొంతుక్కూర్చుని రెండు చేతులతో లాగుతున్నాడు. లాగుతూ హారన్లకోసం చెవి ఒగ్గాడు.

పైన పాంపాం బెల్టు పెట్టుకున్నాడు. ఎడమ అద్దం, కుడి అద్దం. ఎవరూ లేరు. బొటనవేలు హారన్ దాకా వెళ్ళి, సగంలో ఆగి, ముడుచుకుంది. ఆ క్షణాన తన మీద తనకే ముచ్చటేసింది. బ్రేకు వదిలాడు. ముందుకు కదిలే ముందు బండి ఒక్క జానెడు వెనక్కి జారింది.

కేక వినపడింది. పద్దెనిమిదేళ్ళలో ఆ గొంతు అలా అరవడం అతను వినలేదు.

ఆసుపత్రిలో బావమరిది కుడిచెయ్యి మణికట్టు దాకా తీసేశారు. పోలీసాయన వచ్చి పాంపాం కార్డు అటూ ఇటూ తిప్పి చూశాడు. ఫోటో చూసి మొహం చూశాడు. అద్దాలు చూశావా అంటే చూశానన్నాడు. లైసెన్సు సరిగ్గా ఉందనీ, గాయపడ్డ మనిషే నిలబడవలసిన చోట నిలబడలేదనీ రాసుకున్నాడు. హారన్ కొట్టావా అని ఎవరూ అడగలేదు. ఆ కాగితంలో అలాంటి గడే లేదు. మేనేజరు అతని భుజం తట్టి "కార్డు ఉండబట్టి బతికిపోయావు" అన్నాడు.

సాయంత్రం బావమరిది కళ్ళు తెరిచాడు. కట్టు వంక చూసుకున్నాడు.

"బావా, కొట్టావా?"

అప్పుడే పాంపాం జేబులో ఫోను మోగింది. ఇంటి నుంచి. తీసి, బటన్ నొక్కి మంచం మీద పెట్టాడు. బావమరిది ఎడంచేత్తో తడుముకుని ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"ఏడవకక్కా... ఆఁ, బావ బానే ఉన్నాడు. ఆయన తప్పేం లేదే. కొట్టాడు, రెండూ కొట్టాడు. నాకే వినపళ్ళేదు."

పాంపాం కుర్చీలో కూర్చుని ప్రతి మాటా విన్నాడు.

నెల తిరక్కుండా బావమరిదిని ఇంటికి పంపేశారు. రెండు మంచాల గదిలో పాంపాం ఒక్కడే మిగిలాడు. లోడింగుకి ఆ దేశం మనిషే కొత్తగా వచ్చాడు. అతను పద్ధతి ప్రకారం దిమ్మ తీసి కిటికీ పక్కకి వచ్చాడు, దాన్ని చూపించి నేల మీద పెట్టి, రెండు చేతులూ పైకెత్తాడు.

పాంపాం ఆ చేతులనే చూస్తూ ఉండిపోయాడు. బండి కదల్లేదు. కొత్తవాడు చేతులు ఊపాడు. అయినా కదల్లేదు. వెనక ఇంకో లారీ వచ్చి ఆగింది, చాలాసేపు ఓపిక పట్టింది.

చివరికి దాని డ్రైవరు హారన్ కొట్టాడు. రెండుసార్లు.