హోల్డాన్ అక్క ఇంటర్వ్యూ

ఆవిడ అసలు పేరు డిపో రిజిస్టరుకే తెలుసు. మిగతా అందరికీ హోల్డాన్ అక్క. సిటీ బస్సు కండక్టరు. బస్సు కదలాలంటే రైట్ రైట్ అనడం, ఆపాలంటే హోల్డాన్ అనడం ఏ కండక్టరైనా చేసే పనే. కానీ ఈవిడ హోల్డాన్ అందంటే డ్రైవరు కాలు బ్రేకు మీంచి కదలకూడదు. ఎక్కే మనిషి రెండు కాళ్ళూ ఫుట్‌బోర్డు దాటి లోపలికి వచ్చేదాకా రైట్ అనే మాట ఆవిడ నోట్లోంచి ఊడిపడదు. వెనక కార్లు ఎంత హారను కొట్టుకున్నా, ముందు సీట్లో టై కట్టుకున్నాయన ఎన్నిసార్లు వాచీ చూసుకున్నా ఆవిడకి చీమ కుట్టినట్టయినా ఉండదు.

ఆ పేరు ఊరికే రాలేదు. కొన్నేళ్ళ కిందట వాళ్ళ రూటుకి కొత్త టైంటేబుల్ వచ్చింది. బస్సెక్కి ఎన్నాళ్ళయిందో మర్చిపోయిన మహానుభావుడెవరో రాసుండాలి. ఇచ్చిన టైములో ట్రిప్పు పూర్తి కావాలంటే స్టాపుల్లో ఆగకూడదు, స్టాపుల్లో ఆగితే ట్రిప్పు పూర్తి కాదు. డ్రైవర్లు మాత్రం ఏం చేస్తారు? చేతికర్ర ముసలాళ్ళనీ పుస్తకాల సంచీల పిల్లల్నీ చూసీ చూడనట్టు లాగించేయడం మొదలుపెట్టారు. ఒకరోజు అక్క బస్సులోనే ఒక పెద్దావిడ ఒక కాలు ఫుట్‌బోర్డు మీద, ఇంకో కాలు రోడ్డు మీద ఉండగానే బస్సు కదిలింది. అందరూ కలిసి రెక్క పట్టుకుని లోపలికి లాగారు కాబట్టి మోకాలు దోక్కుపోవడంతో సరిపోయింది. సీట్లో కూర్చున్నాక ఆ పెద్దావిడ అక్కతో, "తప్పు నాదేలే అమ్మా, తొందరగా ఎక్కలేకపోయాను" అంది. ఎవరైనా తిట్టినా అక్క అంత బాధపడేది కాదు.

ఆ సాయంత్రం ఆ రూటు కండక్టర్లందర్నీ రెస్ట్ రూములో కూర్చోబెట్టి, అందరూ ఎక్కేదాకా ఎవ్వరూ రైట్ అనడానికి వీల్లేదని ఒప్పించింది. ఇక చూడండి తమాషా. మర్నాటి నుంచి ఆ రూట్లో ప్రతి బస్సూ ఆలస్యమే. ఆఫీసులకు పోయేవాళ్ళు శాపనార్థాలు పెట్టారు. డిపో మేనేజరుకి అరికాలి మంట నెత్తికెక్కింది. దీనికంతటికీ పెద్ద తలకాయ ఎవరని అడిగితే అందరూ ఎవరి చెప్పులు వాళ్ళు చూసుకుంటూ నిలబడ్డారు, ఈవిడ చెయ్యెత్తింది. చార్జి మెమో చేతికొచ్చింది. నెల తిరక్కుండా టైంటేబుల్ కూడా మారింది. ఎవరు మార్చారో, ఏ గదిలో కూర్చుని మార్చారో ఎవరికీ తెలీదు. ఆ గదిలో తనకీ ఒక కుర్చీ ఉండాలని అక్క మనసులో పడింది అప్పుడే. పడ్డాక మరి వదల్లేదు.

పొద్దున డ్యూటీ, సాయంత్రం కాలేజీ. పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్‌లో పీజీ. క్లాసులో పక్కన కూర్చున్న పిల్లలు మొదట లెక్చరరనుకుని లేచి నిలబడ్డారట. చదువంతా బస్సులోనే సాగింది. చివరి స్టాపులో బస్సు ఖాళీ అయ్యాక, తిరుగు ట్రిప్పుకి టైమయ్యేదాకా డ్రైవరు బాబాయ్ పుస్తకం చేత్తో పట్టుకుని ప్రశ్నలు అడిగేవాడు. సొంత బాబాయేం కాదు. ఏళ్ళ తరబడి ఒకే బస్సు నడిపిన చుట్టరికం. అక్క చెప్పిన జవాబు తప్పో ఒప్పో ఆయనకి తెలిసేది కాదు గానీ, తడబడితే మాత్రం పట్టేసి మళ్ళీ చదవమనేవాడు. అలా పాసయింది, అదీ ఫస్టు క్లాసులో.

పీజీ పూర్తయిన కొత్తల్లోనే ప్రభుత్వం లీడర్‌షిప్ ఫెలోషిప్పుకి దరఖాస్తులు పిలిచింది. ఎంపికైనవాళ్ళు రెండేళ్ళు శాఖల్లో పనిచేస్తే, తర్వాత ప్రణాళికా విభాగంలో పర్మనెంటు ఉద్యోగం. అంటే సరిగ్గా ఆ గదే. పీజీ అయిన ఏడాదిలోపే దరఖాస్తు పెట్టుకోవాలి, మరో అవకాశం లేదు. వయసు సంగతి మాత్రం ఎక్కడా రాయలేదు. ఈ వయసులో ఎవరొస్తార్లే అనుకుని ఉంటారు.

ఇంట్లో భర్త సరే అన్నాడు. ఆయన అద్దాలు కోసే దుకాణంలో పనిచేస్తాడు, రోజంతా అద్దం పగలకుండా ఊపిరి బిగబట్టే మనిషి కావడం వల్లో ఏమో, ఇంట్లోనూ మాట పొదుపు. కూతురు ఎగిరి గంతేసింది. అడ్డం తిరిగింది అత్తగారు. ఎంపికైతే కండక్టరు ఉద్యోగానికి రాజీనామా ఇవ్వాలన్న ముక్క ఆవిడ చెవిన పడింది. నిక్షేపంలాంటి ఉద్యోగానికి నీళ్ళొదులుకుని, మీసాలు మొలవని కుర్రాళ్ళతో పోటీకి పోతావా అని మూతి ముడుచుకుంది. అంతకుముందు ఆ ఉద్యోగాన్నయినా ఆవిడ మెచ్చుకున్నదేం లేదు. కోడలు టికెట్లు కొడుతూ నిలబడితే తను సీట్లో కూర్చోవడం నామోషీ అని, అన్నేళ్ళలో ఒక్కసారీ ఆ బస్సెక్కలేదు. ఎదురుగా వచ్చి ఆగినా మొహం తిప్పుకుని వెనక బస్సు కోసం నిలబడేది.

దరఖాస్తుతో పాటు తన గురించి ఒక వ్యాసం రాసి పంపాలి. అక్క రాసింది నాలుగు ముక్కలు. ట్రిప్పు రిపోర్టులాగా ఉందని కూతురు నెత్తి కొట్టుకుని, తనే కూర్చుని దిద్దింది. దిద్దాక అందులో అన్నీ దూరదృష్టులు, ఆశయాలు, మార్పుకి మార్గదర్శకాలే. చివరి స్టాపులో అక్క దాన్ని బాబాయ్‌కి చదివి వినిపించింది. ఆయన టిఫిను డబ్బా మూత పెట్టి, శ్రద్ధగా చివరిదాకా విన్నాడు.

"చాలా బాగుందమ్మాయ్. ఎవరీవిడ?" అన్నాడు.

ఆ ఒక్క ప్రశ్నతో గాలి తీసేశాడు. వెటకారంగా అన్నా బాగుండేది, నిజంగానే తెలీక అడిగాడు. అక్క ఆ కాగితాలు సంచీలో కుక్కేసి, వెనక సీట్లో కూర్చుని మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి ఫుట్‌బోర్డు మీద పెద్దావిడ ఒంటి కాలితో మొదలైంది వ్యాసం. కూతురు చదివి, ఒక్క కామా కూడా మార్చలేదు.

అసలు తంటా దరఖాస్తు చివర వచ్చింది. మీపై ఎప్పుడైనా క్రమశిక్షణ చర్య తీసుకున్నారా అని అడిగారు. లేదంటే అబద్ధం, అవునంటే గోవిందా. వదిలేయమ్మా, ఎవరు చూడొచ్చారు అని కూతురు బతిమాలింది. భర్త, నీ ఇష్టం అన్నాడు. వంటింటి గుమ్మంలో నిలబడి వింటున్న అత్తగారు చెంగుతో చేతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చింది.

"రాయి. నువ్వు పోవడం నాకిష్టం లేదు, అది వేరే సంగతి. కానీ దాచావంటే, ఆ రోజు నువ్వు చేసింది తప్పని నువ్వే ఒప్పుకున్నట్టు" అంది.

ఆ రోజు సంగతి అత్తగారికి అంత వివరంగా తెలుసని అక్కకి అప్పటిదాకా తెలీదు. అవును అని రాసింది. రాసేసి, ఆ రాత్రంతా ఎందుకు రాశానా అని దొర్లింది.

ఇంటర్వ్యూకి పిలుపు వచ్చింది. ఇంట్లో ఏనుగెక్కినంత సంబరం. కూతురు రిహార్సల్ పెట్టి, అమ్మని కుర్చీలో కూర్చోబెట్టి ప్రశ్న వేసింది. అక్క నోరు తెరిచింది, మాట రాలేదు. ఇంకో ప్రశ్న, మళ్ళీ అంతే. విసుగొచ్చి కూర వేగిందో లేదో చూద్దామని లేచింది, స్టవ్వు దగ్గర నిలబడి గరిటె తిప్పుతూ ఆ రెండు ప్రశ్నలకీ గడగడా జవాబు చెప్పేసింది. ఎంత ఆలోచించినా కారణం ఒకటే కనబడింది. కండక్టరైన దగ్గర్నుంచీ ఆవిడ నిలబడే మాట్లాడింది. కూర్చోవడమంటే డ్యూటీ దిగిపోవడం, నోటికి సెలవు. వారం రోజులు కుర్చీతో కుస్తీ పట్టారు తల్లీకూతుళ్ళు, కుర్చీయే గెలిచింది.

ఇంటర్వ్యూ రోజు ఆ పెద్ద భవనం వరండాలో కుర్చీలు వరసగా వేశారు. ఇస్త్రీ మడత నలగని కుర్రాళ్ళు, అమ్మాయిలు బిక్కుబిక్కుమంటూ కూర్చున్నారు. వచ్చినవాళ్ళకల్లా అక్క తన కుర్చీ ఇచ్చేసి గోడవార నిలబడింది. దాంతో ఆవిడ ఆఫీసు మనిషే అనుకుని ఒకబ్బాయి మంచినీళ్ళెక్కడని, ఒకమ్మాయి బాత్రూము ఎటని అడిగారు. రాగానే రెండూ చూసి పెట్టుకుంది కాబట్టి అక్క ఇద్దరికీ దారి చెప్పింది. అంతలోకే ఆవిడ పిలుపు వచ్చింది.

లోపల ముగ్గురున్నారు. మధ్యలో నెరిసిన జుట్టు అధ్యక్షురాలు, ఒక పక్క ప్రొఫెసరు, ఇంకో పక్క రవాణా శాఖలో చేసి రిటైరైన పెద్దమనిషి. కూర్చోండి అన్నారు. కూర్చుంది. మీ గురించి చెప్పండి అన్నారు. పేరు చెప్పింది, అక్కడితో బండి ఆగిపోయింది. ఈ ఫెలోషిప్పు ఎందుకు కావాలన్నారు. పనిచేయడానికి అంది. ఇంకేమైనా ఉందేమోనని వాళ్ళు ఎదురుచూశారు, ఏమీ రాలేదు. ప్రొఫెసరు మర్యాదగా కళ్ళు దించుకుని కాగితం తిప్పాడు. అయిపోయింది, అన్నేళ్ళ చదువూ ఈ కుర్చీలో కూలబడి గంగలో కలిసిపోయిందనుకుంది అక్క.

అప్పుడు రిటైరైన పెద్దమనిషి కళ్ళజోడు సర్దుకున్నాడు. మీ మీద మెమో ఉంది, బస్సుల్ని కావాలని ఆలస్యం చేయించారట, దానికేమంటారని అడిగాడు.

ఎప్పుడు లేచిందో అక్కకే తెలీదు. కాళ్ళు కాస్త ఎడంగా పెట్టి నిలబడింది. ఎడమ చెయ్యి దానంతటదే పైకి లేచి, నెత్తి మీద గాల్లో దేనికోసమో వెతికింది. ముగ్గురూ ఆ చేతివంకే చూశారు.

"ఏం పట్టుకుందామని?" అంది అధ్యక్షురాలు.

"బస్సు రాడ్డు మేడమ్. అలవాటు. నిలబడి మాట్లాడితే మీకేమైనా ఇబ్బందా?"

ప్రొఫెసరు నవ్వాపుకోలేకపోయాడు. మాట్లాడమని అధ్యక్షురాలు చెయ్యూపింది. ఇక అక్క మాట్లాడింది. వెనక సీటుకి కూడా వినబడే ఆ గొంతుకి వరండాలో ఉన్నవాళ్ళంతా తలుపు వైపు తిరిగారట. పెద్దావిడ సంగతి చెప్పింది, టైంటేబుల్ సంగతి చెప్పింది. పెద్దమనిషి కూడా తక్కువవాడేం కాదు. మీ ఆలస్యం వల్ల ఆస్పత్రి డ్యూటీకి వెళ్ళే నర్సు కూడా ఆలస్యమైందిగా, ఆ రోగుల మాటేమిటని నిలదీశాడు. అది అక్క ఆలోచించని సంగతి. ఆ మాటే చెప్పింది. ఆపడం తప్పు కాదని, పైవాళ్ళకి ముందు చెప్పకుండా ఆపడం మాత్రం తప్పేనని, అందుకే మెమో మీద ఎక్కడా అప్పీలుకి పోలేదని చెప్పింది. ఆయన తలూపి ఏదో రాసుకున్నాడు.

చివరి ప్రశ్న అధ్యక్షురాలు వేసింది. రేపు మీరే అధికారి అయి, మీ కింద కండక్టర్లు ఇలాంటి పనే చేస్తే ఏం చేస్తారంది.

"మెమో ఇస్తానండి, రూలు రూలే. కానీ ముందు ఆ బస్సెక్కి చివరి స్టాపుదాకా వెళ్ళొస్తాను. నిలబడే వెళ్తాను" అంది అక్క.

ముగ్గురూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. ఇక వెళ్ళవచ్చన్నారు. ధన్యవాదాలు చెప్పాల్సిన చోట అక్క, రైట్ అనేసి వచ్చేసింది. ఆ ముక్క విని ఇంట్లో కూతురు పొట్ట పట్టుకుని నవ్వింది. అత్తగారు మాత్రం, చేతిలో రాడ్డు లేకుండా కూడా నిలబడ్డావన్నమాట అని, కోడలికి ఇంకో గరిటె అన్నం ఎక్కువ వడ్డించింది.

ఫలితాలు వచ్చే రోజున అక్క డ్యూటీలోనే ఉంది. డ్యూటీలో ఫోను చూడకూడదు, ఆవిడ చూడదు. సంచీ అడుగున అది గుర్రుగుర్రుమంటూనే ఉంది. ఎవరెవరో చేస్తున్నారు. బావుందని చెప్పడానికో, పోనీలే అని ఓదార్చడానికో తెలీదు. ఒకాయనకి టికెట్టు రెండుసార్లు కొట్టింది. బాబాయ్ అద్దంలోంచి చూస్తూ, హారను కూడా మెత్తగా కొడుతున్నాడు.

వాళ్ళ వీధి మలుపు స్టాపు వచ్చింది. జనం మధ్య కూతురు నిలబడి ఉంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పక్కన మంచి చీర కట్టుకుని అత్తగారు. బస్సు ఆగింది. అత్తగారు ఈసారి మొహం తిప్పుకోలేదు. వెనక బస్సు కోసం చూడలేదు. నెమ్మదిగా ఒక కాలు ఫుట్‌బోర్డు మీద పెట్టింది. ఇంకో కాలు పెట్టడానికి మోకాలు సహకరించక కాసేపు పట్టింది. వెనక కారు హారను కొట్టింది, బాబాయ్ కదల్లేదు. అత్తగారు లోపలికి వచ్చి, ముందు సీట్లో దర్జాగా కూర్చుని, కొంగు సర్దుకుంది.

"ఎక్కడికి అత్తయ్యా?" అంది అక్క.

"చివరి స్టాపు దాకా. టికెట్టియ్యి. ఇక మీదట నువ్వు కొట్టిన టికెట్టు కావాలన్నా దొరకదుటగా, నీ కూతురు చెప్పింది. లిస్టులో నీ పేరే మొదటిదిట."

కూతురు అప్పటికే బస్సెక్కి అమ్మ మెడ పట్టుకుని ఏడ్చేస్తోంది. సంగతేమిటని వెనక సీట్లవాళ్ళు అడిగారు, ముందువాళ్ళు చెప్పారు, బస్సు బస్సంతా చప్పట్లు మోగాయి. స్టాపులో నిలబడ్డవాళ్ళంతా ఎక్కేశారు. ఎక్కాల్సినవాళ్ళెవరూ మిగల్లేదు. బాబాయ్ గేరు మీద చెయ్యి వేసి, అద్దంలోకి చూస్తూ, రైట్ కోసం ఎదురుచూస్తున్నాడు. అక్క నోరు తెరిచింది. నిలబడే ఉంది, చేతిలో రాడ్డు కూడా ఉంది, అయినా మాట పెగల్లేదు.

ముందు సీట్లోంచి అత్తగారు కిటికీ పక్క రేకు మీద అరచేత్తో రెండు దెబ్బలు కొట్టింది.

"మా కోడలికి పనుంది, పోనివ్వు నాయనా. రైట్ రైట్" అంది.