ముందు వందనాలన్నది నేనే

మా ఇంట్లో ఫోను ఎత్తి హలో అనే అలవాటు లేదు. అమ్మ మిషన్ బళ్లో టీచరుగా చేసి రిటైరైన మనిషి. ఫోను కరెంటు ఆఫీసు నుంచి వచ్చినా సరే, ఎత్తగానే "వందనాలు" అనేది. చిన్నప్పటి నుంచీ విని విని నాకూ అదే నోటికొచ్చింది. బళ్లారిలో పాత క్రైస్తవ మిషన్ సంఘాలకు చెందిన తెలుగు కుటుంబాలన్నీ అట్లాగే పలకరించుకుంటాయి. అవతలి మనిషి మనవాడైతే తిరిగి వందనాలంటాడు, కాకపోతే కాసేపు తడబడి హలో అంటాడు. కాబట్టి మొదటి మాటలోనే మనిషి ఎవరో తెలిసిపోతుందని మా గట్టి నమ్మకం. అది ఎంత పిచ్చి నమ్మకమో అమ్మకు ఆక్సిజన్ మిషను కోసం తిరిగినప్పుడు గానీ నాకు తెలియలేదు.

అవి మా జిల్లాలో కొండలు లారీలెక్కి పోతున్న రోజులు. ఇనుప ఖనిజం అనే మాట పేపర్లో ఉండేది గానీ మా ఊళ్లో అందరికీ అది మట్టే. మా ఇల్లు సరిగ్గా లారీలు పోయే రోడ్డు పక్కన. పొద్దున తుడిచిన గడప మధ్యాహ్నానికి మళ్లీ ఎర్రబడేది. ఆరేసిన చీరలు ఉతకముందు కంటే అన్యాయంగా తయారయ్యేవి. అమ్మ ఊపిరితిత్తులు బళ్లో సుద్దపొడికే సగం చెడ్డాయి, మిగతా సగం ఈ మట్టి చూసుకుంది. పడుకుంటే ఊపిరాడక కుర్చీలో కూర్చునే నిద్రపోయేది. చలికాలం వచ్చేలోపు ఇంట్లో ఆక్సిజన్ మిషను పెట్టుకోకపోతే కష్టమని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు.

కొత్త మిషను ధర విని, షాపతని ముందే నవ్వేశాను. ఏడుపుకు బదులు వచ్చిన నవ్వు అది. పోనీ సిలిండర్లు తెచ్చుకుందామంటే, లారీ షెడ్లకే చాలడం లేదమ్మా అన్నాడు గ్యాసు అమ్మేవాడు. ఇనుము కోయడానికి దొరికే గాలి మా అమ్మ పీల్చడానికి దొరకలేదు. ఊరంతా డబ్బులో ఈదుతోందని బయటివాళ్లు అనుకునేవాళ్లు. ఆ ఈత ఎక్కడ జరుగుతోందో మా వీధికి తెలియలేదు.

నేను అప్పుడు ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో కంప్యూటరు మీద పనిచేసేదాన్ని. మా ఓనరు సిరిగేరిలో వరి పండించిన రైతు. మట్టికి గిరాకీ రాగానే టిప్పర్లు కొన్నాడు. ఏ లారీలో ఎంత మట్టి పోయిందో కంప్యూటర్లో ఎక్కించడం, పర్మిట్ కాగితం సరిగా ఉందో లేదో చూడడం నా పని. పర్మిట్ లేకపోతే చెక్‌పోస్టులో లారీ ఆగిపోతుంది. మా ఆఫీసులో దేవుడి పేరు కన్నా పర్మిట్ అనే మాట ఎక్కువగా వినిపించేది.

పాత మిషను కోసం వెతకమని చెప్పింది కూడా ఓనరే. పాత టిప్పర్లే కంప్యూటర్లో దొరుకుతుంటే పాత మిషను దొరకదా అన్నాడు. ఆఫీసు కంప్యూటర్లో నెట్ లేదు. బస్టాండు దగ్గర ఇంటర్నెట్ సెంటరుకు వెళ్లాను. అక్కడంతా లారీ బ్రోకర్లు. వాళ్ల మధ్య ఒక మూల కూర్చుని వెతికితే బెంగళూరు నుంచి ఒక ప్రకటన కనిపించింది. అమ్మ చనిపోయిందనీ, ఏడాది వాడిన ఆక్సిజన్ మిషను అమ్ముతామనీ రాశారు. ఫోటోలో మిషను ఒక చాప మీద ఉంది, పక్కన ఎవరిదో ఒంటి చెప్పు. ఆ చెప్పు చూసి నాకు ధైర్యం వచ్చింది. మోసం చేసేవాడైతే చెప్పు పక్కకు తీసి ఫోటో తీస్తాడు కదా అనుకున్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఇంటికొచ్చి ఫోను చేశాను. అటు ఎత్తగానే అలవాటుగా "వందనాలండీ" అన్నాను.

కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత అతను నెమ్మదిగా "వందనాలు సిస్టర్" అన్నాడు.

మా లెక్క ప్రకారం ఆ తడబాటుకు అర్థం అతను మనవాడు కాదనే. కానీ తిరిగి వందనాలన్నాడు కాబట్టి, ఆ తడబాటును తల్లి పోయిన దుఃఖం కింద జమకట్టేశాను. వాళ్లమ్మ కూడా కుర్చీలోనే నిద్రపోయేదట. అది విని అమ్మ ఫోను అడిగి తీసుకుంది. ఏ సంఘమని అడిగితే, చిన్న సంఘమేనమ్మా, ఇళ్లల్లోనే కూడుకుంటాం అన్నాడట. ఇక అమ్మకు కావలసిందేముంది? తల్లిని పోగొట్టుకున్న బిడ్డ అని ఫోనులోనే అతని కోసం ప్రార్థన మొదలుపెట్టింది.

అమ్మకు అప్పటికే ఒక వాక్యం చివరిదాకా ఊపిరి ఉండేది కాదు. ప్రార్థన మధ్యలో ఆగి నా చెయ్యి నొక్కేది. ఆమె ఆపిన చోట నేను అందుకుని ముగించాలి. సాయంకాలం ప్రార్థనలు కొంతకాలంగా అట్లాగే సాగుతున్నాయి. ఆ రోజూ చెయ్యి నొక్కింది. నేను ఫోను అందుకుని మిగతాది పూర్తి చేశాను. అటునుంచి అతను ఆమెన్ అన్నాడు.

చిట్టీ పాడి, వచ్చిన డబ్బు వచ్చినట్టే అతను చెప్పిన ఖాతాలో కట్టాను. రాత్రి ట్రావెల్స్ బస్సులో మిషను వేస్తానన్నాడు. అమ్మ మంచం పక్కనున్న ట్రంకుపెట్టె జరిపించి, ఎలక్ట్రీషియన్‌ను పిలిచి అక్కడ కొత్త ప్లగ్గు పెట్టించింది. మిషను మీద మట్టి పడకుండా కప్పడానికి పాత క్రోషా గుడ్డ ఒకటి ఉతికి మడిచి ఉంచింది. ఆ రాత్రి ఆమె ముఖంలో నెలల తర్వాత కాస్త కళ చూశాను. నేనూ చాలా సంతోషపడ్డాను, ఆ సంగతి చెప్పకపోతే మిగతాదానికి అర్థం లేదు.

పొద్దున్నే ట్రావెల్స్ ఆఫీసుకు వెళ్తే, పార్సిళ్లన్నీ తిప్పి చూసి "బందిల్లమ్మా" అన్నాడు అక్కడి మనిషి, రాలేదని. అక్కడినుంచే అతనికి ఫోను చేశాను.

"చిత్రదుర్గం చెక్‌పోస్టులో ఆపేశారు సిస్టర్" అన్నాడు. "మెడికల్ మిషను కదా, పర్మిట్ కావాలంట. కడితేనే వదులుతారంట."

ఇంకెవరైనా అయితే అనుమానపడేవాళ్లు. నాకు మాత్రం అంతకన్నా నమ్మదగిన మాట లోకంలో లేదు. పైగా పర్మిట్ చూసుకోకుండా బండిలో ఎవరైనా వేస్తారా అని అతన్నే కోప్పడ్డాను. పొరపాటైపోయింది సిస్టర్, క్షమించండి అన్నాడు పాపం. పర్మిట్ డబ్బు కూడా పంపేశాను.

మర్నాడూ బందిల్ల. ఆ మర్నాడూ అదే మాట. అతని ఫోను మోగుతోంది గానీ ఎత్తడం లేదు. ఇంట్లో అమ్మ పెదాలు నీలం రంగుకు తిరుగుతున్నాయి. కుర్చీలోంచి లేచి ఆ ప్లగ్గు వైపు చూసి మళ్లీ కూర్చునేది. ఏమీ అడిగేది కాదు. అడిగితే బాగుండునని నాకుండేది, కనీసం అరిచేదాన్ని.

ఆఫీసులో నా ముఖం చూసి ఓనరు ఏమైందని అడిగాడు. చెప్పాను.

"పర్మిట్ మట్టికి గదమ్మా" అన్నాడు అంతా విని. "రోగమొచ్చినోళ్ల మిషనుకు పర్మిట్ ఎవురడుగుతారు? రోజంతా పర్మిట్లు చూసేది నువ్వే గదా తల్లీ."

ఆ మాట ఆయన మెల్లగానే అన్నాడు. నాకు మాత్రం అప్పుడు గానీ సంగతి తట్టలేదు.

ఆయన తన ఫోను తీసి ఆ నంబరుకు కలిపి, నాకూ వినపడేట్టు స్పీకరు పెట్టాడు. కొత్త నంబరు కాబట్టి అతను వెంటనే ఎత్తాడు.

"నమస్కారమప్పా. బళ్లారి నుంచి మాట్లాడతాండా. ఆంజనేయసామి దయతో నీ మిషను సంగతి తెలిసింది. మా అమ్మకు కావాల్సుండాది."

"అంతా స్వామి దయేనండీ. మేమూ ఆంజనేయుణ్ణే కొలుస్తాం" అన్నాడు అతను, అదే మెత్తటి గొంతుతో. "మా అమ్మ కూడా కుర్చీలో కూర్చునే నిద్రపోయేది. ఆ బాధ నాకు తెలుసు."

వింటున్నాను. అన్నీ అవే మాటలు, దేవుడొక్కడే మారాడు. ఆ రోజు అతనంతట అతను వందనాలనలేదు. ముందు వందనాలన్నది నేనే. నేనిచ్చిన మాటనే నాకు తిరిగిచ్చాడు. మా అమ్మ ప్రార్థనకు ఆమెన్ అన్నప్పుడు వాడి పక్కన ఎవరైనా నవ్వారేమో కూడా నాకు తెలియదు.

టేబులు మీద ఉన్న ఫోను దగ్గరికి వంగి "వందనాలు" అన్నాను. అటు కాసేపు ఏమీ వినపడలేదు, మొదటి రోజులాగే. తర్వాత లైను తెగింది. ఆ నంబరు మళ్లీ ఎప్పుడూ కలవలేదు.

పోలీసు స్టేషనుకు వెళ్తే ఫిర్యాదు రాసుకున్నారు. ఎట్లుంటాడని అడిగారు. చాప, చెప్పు తప్ప నేనేం చెప్పగలను? బయటికొచ్చాక రోడ్డు దాటలేక నిలబడిపోయాను. లారీ వెనక లారీ పోతూనే ఉంది. నా జీవితంలో మనుషుల్ని అంత అసహ్యించుకున్న రోజు ఇంకొకటి లేదు. మిషను లేదు, చిట్టీ లేదు, ఇంట్లో అమ్మ కుర్చీలో ఎదురుచూస్తోంది.

సాయంత్రం ఇంటికొచ్చి, అతను ఫోను ఎత్తడం లేదని మాత్రం చెప్పాను. మిగతాది నోరు దాటలేదు. ఒక్కో ఊపిరికీ భుజాలు ఎగరేస్తున్న మనిషికి ఏమని చెప్పను?



"ఫోను ఎత్తలేదంటే ఆ బిడ్డ ఏదో కష్టంలో ఉండాడు పాపా" అంది అమ్మ. ఆగి, ఊపిరి తీసుకుని, "రా, వాని కోసం ప్రార్థన చేస్తాం" అంది.

పక్కన కూర్చున్నాను. అమ్మ కళ్లు మూసుకుని నా చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. అది ఆమె ఆఖరి వారమని ఇద్దరికీ తెలియదు. ఆ మూల కొత్త ప్లగ్గు మీద అప్పటికే ఎర్రమట్టి పేరుకుంది.

"తండ్రీ, తల్లి లేని ఆ బిడ్డ యాడ ఉన్నా..." అని మొదలుపెట్టింది. అక్కడ ఊపిరి అయిపోయింది. నా చెయ్యి నొక్కింది.

నేను పలకలేదు. వాడి గొంతు చెవుల్లో మోగుతోంది. అమ్మ కళ్లు తెరవకుండానే మళ్లీ నొక్కింది, ఈసారి ఇంకా గట్టిగా. అంత బలం ఆ వేళ్లకు ఎక్కడినుంచి వచ్చిందో.

"నువ్వు వాని చెయ్యి విడువద్దు" అని ముగించాను.

ఆమెన్ అనడానికి అమ్మకు ఊపిరి సరిపోయింది.