శకుంతల వదిన సేవ్ చేసుకుంటోంది

మా శకుంతల వదినకి ఆటల పిచ్చి అని బజారంతా అంటారు. అననివ్వండి. ఏలూరులో మా అన్నయ్య శ్రీరంగనాయకులుకి వలలూ తాళ్లూ అమ్మే కొట్టుంది. పెళ్లయిన దగ్గర్నుంచీ గల్లాపెట్టె దగ్గర కూర్చునేది వదినే. ఆ సంగతి మాత్రం ఎవరూ అనరు.

వదిన ఆడే వీడియో గేమ్ పెట్టె మా అమ్మాయి హర్షిత చిన్నప్పుడు ఆడి పక్కన పడేసినది. అరచేతిలో పడుతుంది. దాని వెనక ఫ్లాష్ కార్ట్రిడ్జ్ అనే చిన్న బిళ్ల దూరుస్తారు. అందులో కావలసిన ఆటలు ఎక్కించుకోవచ్చు. వదిన ఒక్కటే ఎక్కించుకుంది, ఊరు కట్టే ఆట. ఏళ్ల తరబడి కట్టింది. వంతెనలు, తోటలు, బడి, అన్నీ ఉన్నాయి. చేపల చెరువు మాత్రం తవ్వలేదు. "కొల్లేటి గొడవలు కొట్లో రోజూ వింటూనే ఉన్నాను, అక్కడ కూడా ఎందుకు రాజశ్రీ?" అనేది నాతో.

ఆ బిళ్ల పాతదే అయినా, సేవ్ నొక్కగానే క్షణంలో దాచేసేది. చెరువుల మీంచి వచ్చేవాళ్లు ఎప్పుడూ తొందరలోనే ఉంటారు. మనిషి గుమ్మంలో కాలు పెట్టగానే వదిన టక్కున నొక్కి, ఆపేసి, లేచి నిలబడేది. బేరం వచ్చినప్పుడు కూర్చుని ఉండకూడదని మా అమ్మ పెట్టిన ఆచారం అది.

దసరాకి కొట్లో పనిచేసే ప్రతి వస్తువుకీ పసుపు కుంకుమ పెడతాం. కాటా, కత్తెర, బిల్లుల మిషను, అన్నిటికీ. మొన్న దసరాకి వదిన తన ఆట పెట్టె కూడా తెచ్చి వరసలో పెట్టింది.

"ఇదేం పని చేస్తుందని?" అన్నాడు అన్నయ్య నవ్వుతూ.

"నన్నిక్కడ కూర్చోబెడుతోంది కదండీ," అంది వదిన.

అన్నయ్య ఎగతాళికి బిళ్ల బయటికి లాగి, ఇత్తడి గీతలున్న వైపే తడి పసుపు మెత్తి, మళ్లీ దూర్చాడు.

మర్నాడు ఆన్ చేస్తే తెర తెల్లగా ఉండిపోయింది. తాడేపల్లిగూడెంలో పాలిటెక్నిక్ పాఠాలు చెప్పే హర్షిత వచ్చి విప్పి చూసింది. ఆ బిళ్ల దాచినదాన్ని లోపలున్న చిన్న బ్యాటరీయే కాపాడుతుందట. తడికి షార్టయి అది కాస్తా దిగిపోయింది. ఊరు ఊరంతా పోయింది. వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

"మనిషి పోయినట్టు ఆ ఏడుపేంటి? పీడా వదిలింది," అన్నాడు అన్నయ్య.

నాకు ఒళ్లు మండిపోయింది. "నువ్వు కాసేపు మాట్లాడకు అన్నయ్యా," అన్నాను.

హర్షిత తన దగ్గరున్న ఇంకో పాత బిళ్ల తీసింది. "ఇది బ్యాటరీ మీద ఆధారపడదు అత్తయ్యా, మెమరీ కార్డులో రాసుకుంటుంది. బ్యాటరీ పోయినా మీ ఊరు పోదు. కాకపోతే నిదానం. మెనూలోకి వెళ్లి, రాసుకోవడం అయ్యేదాకా ఆగాలి. మధ్యలో ఆపేస్తే ఆ పూట ఆడిందంతా దండగే."

"మరి బేరం వస్తేనో? జనం నిలబడి చూస్తుండాలా?" అన్నాడు అన్నయ్య.

వదిన కళ్లు తుడుచుకుని బిళ్ల అందుకుంది. "చూస్తారు లెండి," అంది.

నిన్న నేను కొట్లో ఉండగా కైకలూరు వైపు నుంచి ముసలయ్య వచ్చాడు. చెరువులున్నవాడు, మా పాత బేరం.

"శకుంతలా, లే. ముసలయ్య గారొచ్చారు," అన్నాడు అన్నయ్య.

వదిన తల ఎత్తలేదు. "కూర్చోండి ముసలయ్య గారూ, సేవ్ అవుతోంది," అంది.

ముసలయ్య స్టూలు లాక్కుని హాయిగా కూర్చున్నాడు. వదిన కుర్చీ కాక కొట్లో ఉన్నది ఆ ఒక్క స్టూలే. అన్నయ్య నిలబడే ఉన్నాడు.