మొదటి గిటార్‌లో వాలుగ దవడ ముక్క

ఆ గురువారం ఉదయం పదిన్నరకు రిపేరు బల్ల దగ్గర ఉన్నవారు ముగ్గురు: షాపు యజమాని సన్యాసిరావు గారు, కస్టమర్ పైడిరాజు గారు, నేను. బల్ల మీద ఉన్నవి: గిటార్ ఒకటి, దానికి చుట్టి తెచ్చిన దుప్పటి ఒకటి, వెర్నియర్ క్యాలిపర్ ఒకటి, జాబ్ కార్డు ఒకటి, టీ గ్లాసులు మూడు. గిటార్‌కు తీగలు ఆరు ఉండాలి. ఐదు ఉన్నాయి.

విజయనగరంలో గంటస్తంభానికి రెండు సందుల అవతల ఉన్న ఆ వాయిద్యాల షాపులో నేను చేరింది పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా పూర్తయిన ఏడాది, జూన్ ఒకటో తారీకున. నా హోదా సీనియర్ టెక్నీషియన్. జూనియర్ టెక్నీషియన్ అనేవాడు లేడు. ఆరేళ్లు పనిచేసి విరమించాను. ఇంకా ముప్ఫై నిండనివాడు విరమించాననడం కొందరికి నవ్వు తెప్పించవచ్చు. కానీ ఆ వృత్తికి నేను పూర్తిగా దూరమయ్యాను. ఇప్పుడు ఒక ఫ్యాక్టరీలో పీడనం కొలిచే మీటర్లు సరిచేస్తున్నాను. మీటర్లను తెచ్చేవాళ్లెవరూ వాటి బాల్యం గురించి చెప్పరు.

గిటార్లను తెచ్చేవాళ్లు చెబుతారు. మా దగ్గరకు వచ్చే గిటార్లు రెండు రకాలు: మామూలు గిటార్లు, మొదటి గిటార్లు. మామూలు గిటార్ తెచ్చిన మనిషి ఫలానా తీగ కొట్టుకుంటోందని చెప్పి, రసీదు తీసుకుని వెళ్లిపోతాడు. మొదటి గిటార్ తెచ్చిన మనిషి కుర్చీ అడుగుతాడు. ఆ తర్వాత చెప్పేవి నాలుగు సంగతులు. దాన్ని సంపాదించడానికి ఎంత కష్టపడ్డాడో చెబుతాడు. వాయిస్తే వేళ్ల నుంచి రక్తం వచ్చేదంటాడు. చేతికి వెన్నపూసలా ఉండేదంటాడు. అలాంటి నాదం మళ్లీ ఎక్కడా వినలేదంటాడు. రెండో మాటా మూడో మాటా ఒకే గిటార్ గురించి ఎలా నిజమవుతాయని నేను ఆరేళ్లలో ఎవరినీ అడగలేదు. కొలతలు మాత్రం తీసేవాణ్ని. తీగకూ, అది నొక్కే చోట ఉండే లోహపు మెట్టుకూ మధ్య దూరాన్ని మా పనిలో యాక్షన్ అంటారు. పన్నెండో మెట్టు దగ్గర అది రెండు, రెండున్నర మిల్లీమీటర్లు ఉంటే చాలు. మొదటి గిటార్లలో ఆరుకు తక్కువ చూసిన గుర్తు లేదు. కాబట్టి రక్తం మాట నిజం. వెన్నపూసకు ఆధారాలు దొరకలేదు.

చేరిన రెండో నెలలో షాపుకు ఒక పనివిధానం రాసి, లామినేషన్ చేయించి గోడకు తగిలించాను. అంతకుముందు అక్కడ విధానమనేది లేదు. నిబంధనలు ఐదు. మొదటిది కొలవడం, రెండోది తీగలు విప్పడం, మూడోది మెడ వంపు సరిచేయడం, నాలుగోది మెట్లు సమం చేయడం. ఐదో నిబంధన ఇది: 'ఫ్యాక్టరీవి కాని భాగాలన్నీ తీసివేసి, ప్రామాణిక భాగాలు అమర్చవలెను.' దాన్ని రాసినందుకు నాకు చాలా గర్వంగా ఉండేది. ఎందుకంటే మా ప్రాంతపు గిటార్లలో ఫ్యాక్టరీవి కాని భాగాలే ఎక్కువ. బైకు క్లచ్ తీగను ఆరో తీగగా బిగించినవి చూశాను. తీగ బిగించే బిరడా పోయినచోట తలుపు గడియ బోల్టు పెట్టినదీ చూశాను. దాని యజమాని కళ్లు తుడుచుకుంటూ, ఆ బోల్టు వల్లే నాదం గంభీరంగా ఉంటుందన్నాడు.

పైడిరాజు గారిది పొందూరు. ఇరవై ఆరేళ్లుగా ఒక ఆర్కెస్ట్రా పార్టీలో లీడ్ గిటార్ వాయిస్తున్నారు. పెళ్లిళ్లు, జాతరలు, చర్చి వార్షికోత్సవాలు, ఏదైనా ఆయనే. ఆయన ఎడమచేతి ఉంగరం వేలు వంగితే తిరిగి లేచేది కాదు. రెండో చేత్తో పట్టుకుని లాగితే టక్కుమని లేచేది. సోమవారం దానికి ఆపరేషన్ పెట్టారు. ఆదివారం సాయంత్రం చీపురుపల్లిలో పార్టీవాళ్లు ఆయనకు సన్మానం ఏర్పాటు చేశారు.

"ఆపరేషనయ్యాక ఏలు ఎంతవరకు వంగుతాదో డాక్టరు గారికే తెల్దు తమ్ముడూ. అంచేత ఆదోరం వాయించిందే ఆకరిది అనుకుంతన్నాను. అది దీనిమీదే వాయించాల. నాను నేర్సుకుందీ దీనిమీదే."

తర్వాత ఆయన కుర్చీ అడిగారు. నాలుగు సంగతులూ వరసగా వచ్చాయి. జాబ్ కార్డులో 'లోపం' అనే గడి దగ్గర, ఆయన చెప్పినట్టే, 'లోపమేమీ లేదు, వాయించడానికి వీలుగా లేదు' అని రాశాను.

పని ఆ రోజే చేశాను. యాక్షన్ ఆరున్నర మిల్లీమీటర్లు. మెడ విల్లులా ఉంది. తీగలు గిటార్ పెట్టె వైపున ఆనుకునే సన్నని పట్టీని శాడిల్ అంటారు. అక్కడ ఉండవలసిన ప్లాస్టిక్ పట్టీ లేదు. పసుపు తిరిగిన ఎముక ముక్క ఒకటి ఉంది. దాని అంచున రంపంలా సన్నటి పళ్లు, పళ్ల సందుల్లో తీగలు. ఇంజినీరింగ్ దృష్టితో అది ఘోరం. తీగ శుభ్రంగా ఒకచోట ఆగకుండా పంటికి తగిలి జుమ్ముమంటుంది. ఐదో నిబంధన ప్రకారం ఆ ముక్కను తీసి చెత్తబుట్టలో వేశాను. ప్రామాణిక శాడిల్ అమర్చాను. మిగతా నిబంధనలు కూడా పాటించి, యాక్షన్‌ను రెండు పాయింట్ నాలుగుకు తెచ్చాను. ఆ ఏడాది నేను చేసిన పనుల్లో అంత చక్కనిది ఇంకొకటి లేదు.

శుక్రవారం మధ్యాహ్నం పైడిరాజు గారు వచ్చి గిటార్ ఒళ్లో పెట్టుకున్నారు. ఒక చిన్న వరస వాయించి ఆగారు. మళ్లీ వాయించారు. తర్వాత ఎంతో మర్యాదగా అడిగారు:

"బాగున్నాది తమ్ముడూ. ఎవుల్దిది?"

మీదేనని చెప్పాను. కొలతలు చూపించాను. ఆయన కొలతలను గౌరవంగా చూసి, గిటార్‌ను తిప్పి శాడిల్ దగ్గర వేలు పెట్టారు. "ఇక్కడ మాయమ్మ దవడ ఉండాల. ఏదీ?"

కస్టమర్లు తమ గిటార్‌లో ఏమేమి ఉన్నాయని చెప్పుకుంటారో నాకు అప్పటికి అలవాటే. అయినా తల్లి దవడ కొత్త. అసలు విషయం సన్యాసిరావు గారు విడమరచి చెప్పారు. పొందూరులో సన్న నూలు వడికే ఆడవాళ్లు పత్తిని ముందుగా వాలుగ చేప దవడతో దువ్వుతారు. దాని సన్నటి పళ్లకు నలుసులు, పొట్టి పోగులు చిక్కుకుని పొడవు పోగులు మిగులుతాయి. మంచి దవడ దొరకడం కష్టం, దొరికితే ఏళ్ల తరబడి దాచుకుని వాడతారు. పన్నెండేళ్ల వయసులో పైడిరాజు గారి గిటార్‌లో ప్లాస్టిక్ పట్టీ విరిగింది. తల్లి వాడే దవడలో సగాన్ని ఆయన హాక్‌సా బ్లేడుతో కోసుకుని అక్కడ పెట్టుకున్నారు. పిల్లి ఎత్తుకుపోయిందని ఇంట్లో చెప్పారు.

చెత్తబుట్ట వెతికాను. ఖాళీగా ఉంది. మున్సిపాలిటీ బండి మా వీధికి వారానికి రెండుసార్లు వస్తే గొప్ప. ఆ ఉదయం మాత్రం సమయానికి వచ్చింది. ఎద్దు ఎముకతో చేసిన శాడిల్ ఉంది, ఖరీదైన గిటార్లకు అదే వాడతారని నచ్చజెప్పబోయాను.

"ఎద్దెముకా? వద్దులే నాయినా. ఇలాగే వాయించేస్తాన్లే. వినేవోళ్లకి ఏటి తెలస్తాది?" అంటూ ఆయన గిటార్‌ను దుప్పటిలో చుట్టడం మొదలుపెట్టారు. ఆయన కోప్పడి ఉంటే నాకు పని తేలికయ్యేది, కోపానికి నా దగ్గర కొలతలున్నాయి.

సన్యాసిరావు గారు గోడ మీది లామినేషన్ వైపు చూశారు. "రూలు నువ్వే రాసావు కదేటి ఇంజినీరు బాబూ? రేపు పొద్దున పాసింజరుకి పొందూరు ఎల్లు. ఆళ్లమ్మనడిగి ఇంకో ముక్క తే. ఇదే ఆరో రూలు."

తాను మాత్రం రానని పైడిరాజు గారు ఖచ్చితంగా చెప్పేశారు. యాభై దాటిన మనిషి, వేలమంది ముందు వాయించినవాడు, "నానొస్తే పిల్లి సంగతి బయటపడిపోతాది బాబూ" అన్నారు. చేనేత మీద ప్రాజెక్టు రాస్తున్న స్టూడెంటునని చెప్పుకోమని నాకు సలహా ఇచ్చారు.

శనివారం పది గంటలకు పైడిరాజు గారి తల్లి సూరమ్మ గారి వరండాలో ఉన్నాను. ఆవిడ వయసు ఎనభైకి కాస్త ఇటో అటో. ఒళ్లో గుడ్డ పరుచుకుని పత్తి దువ్వుతున్నారు. నేను స్టూడెంటునని, ప్రాజెక్టు అని మొదలుపెట్టాను. ఆవిడ తల ఎత్తకుండానే అన్నారు:

"జేబులో ఆ ఇనప కొలబద్దేటి? గిటారు సాపు గుంటడివి కాదేటి నువ్వు? ముక్క పారేసినావా?"

ఆ విషయం ఆవిడకు ఎలా తెలిసిందో అర్థం కాలేదు. అర్థం కానక్కర్లేదని, శుక్రవారం రాత్రి భోజనానికి కూర్చున్న కొడుకు ముఖం చూస్తే తెలిసిందని చెప్పారు. పిల్లి కథ మాటేమిటంటే, అది మొదటి రోజే తేలిపోయిందట. "దవడ పత్తిమీద నడిస్తే జుయ్ జుయ్ మంతాది. మర్నాడు ఆడి గిటారూ అదే అంతన్నాది. పిల్లి గిటారు వాయిస్తాదేటి?"

మరి ఇన్నేళ్లూ ఎందుకు అడగలేదంటే, ఆవిడ ఒక రేకు డబ్బా తీసి మిగిలిన సగం చూపించారు. "పళ్లు అరిగిపోయిన పక్కే కోసుకుపోయాడు. నాకెలాగూ పనికిరాదు. తెలివైన ఎదవే. పని పాడయ్యుంటే అప్పుడే వీపు సీరేద్దును."

ముక్క ఊరికే ఇవ్వలేదు. ముందు కూచుని దానితో పత్తి దువ్వమన్నారు. గంటసేపు దువ్వాను. ఆ గంటలో నాకు పడ్డ చీవాట్లు లెక్కపెట్టడం పదకొండు దగ్గర మానేశాను. వాటిలో ఎక్కువసార్లు వచ్చింది "దువ్వమంటే గీకుతన్నావేటి?" చివరకు చేయి కాస్త తేలికపడి, దవడ జుయ్‌మని పలికింది. ఆవిడ చేయి ఎత్తి ఆపించారు. "ఇన్నావా? ఎక్కడ పలికిందో అక్కడే కొయ్యి. కొలబద్ద లోపలెట్టు." పలికిన చోటు డెబ్బై రెండు మిల్లీమీటర్ల పొడవు. కొలబద్దను లోపల పెట్టేముందు ఒకసారి కొలిచాను.

వెళ్లబోతుంటే, ఆదివారం తానూ చీపురుపల్లి వస్తానని, కొడుక్కి చెప్పవద్దని అన్నారు. ఇన్నేళ్లలో ఒక్కసారీ వెళ్లలేదట. "ఎప్పుడు సూసినా రాత్రి పోగ్రాములే. పొద్దున నాను పత్తి దువ్వుకోవద్దా?"

ఆ మధ్యాహ్నం ముక్కను రుద్ది అమర్చాను. పళ్ల ఎత్తు సమంగా లేదు. సమం చేయడానికి రెండుసార్లు ఆకురాయి చేతిలోకి తీసుకుని, రెండుసార్లూ పక్కన పెట్టాను. యాక్షన్ మూడు పాయింట్ ఒకటికి పెరిగింది. తంబురా తీగ కింద నూలుపోగు పెడితే నాదం ఎలా మోగుతుందో, ఇక్కడ ఎగుడుదిగుడు పళ్లు ఆ పనే చేస్తున్నాయి. పాలిటెక్నిక్‌లో మాకు దాన్ని అవాంఛిత కంపనమని నేర్పారు.

ఆదివారం సన్మానం ఐదు గంటలకన్నారు, ఆరుకు మొదలైంది. శాలువాలు మూడు. ప్రసంగాలు ఐదు. ఐదింటిలోనూ వక్తలు తమ తమ మొదటి గిటార్ల గురించే మాట్లాడారు. వారిలో ఇద్దరు గిటార్ వాయించరు. సూరమ్మ గారు ముందు వరసలో కూర్చున్నారు. దుప్పటి విప్పుతూ తల్లిని చూసిన పైడిరాజు గారి చేతులు ఆగిపోయాయి. ఆవిడ వాయించమన్నట్టు గడ్డం ఎగరేశారు.

మొదటి తీగ మీటగానే జుమ్మని వచ్చింది. ఆయన నా వైపు చూడలేదు. కళ్లు మూసుకుని పన్నెండు నిమిషాలు వాయించారు. మధ్యలో రెండుసార్లు వేలు వంగి ఉండిపోయింది. కుడిచేత్తో లాగి విడిపించుకున్నారు. అది కొత్త పద్ధతి అనుకుని జనం రెండుసార్లూ చప్పట్లు కొట్టారు. దిగి వచ్చాక తల్లి కాళ్ల దగ్గర వంగబోతే, పక్కవాళ్లకు వినపడేలా ఆవిడ అన్నారు: "డబ్బా కాళీ అయిపోయింది. మరింక పిల్లినెట్టుకుని రాకు."

ఆపరేషన్ జరిగింది. వేలు ముప్పావు వంతు వంగుతోందని రెండు నెలల తర్వాత చెప్పారు. తీగవాద్యాల్లో ముప్పావు అనేది లేదు. ఆదివారం వాయించిందే చివరిదైంది. ఇప్పుడు పార్టీలో శ్రుతులు సరిచూస్తున్నారు.

నేర్చుకున్నది పెద్ద విషయం కాదు. మరమ్మతు చేసేవాడికి లోపంగా కనిపించింది వాయించేవాడు ఏరికోరి ఉంచుకున్నది కావచ్చు. అడగడానికి పట్టేది అర నిమిషం. సోమవారం లామినేషన్ దించి ఐదో నిబంధన తిరగరాశాను: 'తీసిన ప్రతి భాగాన్నీ కవరులో వేసి, యజమాని పేరు రాసి, గిటార్ అప్పగించేవరకు ఉంచవలెను.' మొదటి గిటార్ల జ్ఞాపకాల మీద నా అభిప్రాయం మారలేదు. వెన్నపూసకు ఆధారాలు ఇప్పటికీ దొరకలేదు. షాపు వదిలిన రోజు సొరుగు అప్పగిస్తూ లెక్క రాసి ఇచ్చాను. మొదటి గిటార్ల నుంచి తీసిన భాగాల కవర్లు అరవై నాలుగు, వాటిని తిరిగి అడిగినవారు అరవై ఒకరు, అసలు గిటార్ కోసం కూడా రానివారు ముగ్గురు.