తుపాకీ వాటా

మా కొండల్లో వేట మాంసం పంచడానికి ఒక పద్ధతుంది. అడవిపందిని పడేసినవాడికి తల. దాన్ని పసిగట్టిన కుక్కకి, అంటే కుక్క గలవాడి ఇంటికి, ఒక చిన్న వాటా. తుపాకీకి ఒక వాటా. మిగిలింది ఊళ్ళో ఎన్ని పొయ్యిలుంటే అన్ని కుప్పలు, ముసలీ ముతకా తేడా లేకుండా. తుపాకీకి వాటా ఏమిటని కొండ కిందివాళ్ళు నవ్వుతారు. నవ్వనీండి. కాల్చినవాడు వేరు, తుపాకీ వేరు. అది ఎవరి చేతిలో పేలినా సరే, ఏ ఇంటి గోడకు వేలాడుతుందో ఆ ఇంటికి ముందుకాలొకటి వెళ్ళాలి. నేను చెప్పబోయేది ఆ ముందుకాలి గురించీ, నా వెధవ కోపం గురించీ.

మాది డుంబ్రిగుడ సంతకు పొద్దున్న నడిచివెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చే దూరంలో, కొండమీద ముప్పై గడపల ఊరు. ఊరికంతటికీ ఒక్కటే నాటు తుపాకీ, మా బావది. అంటే మా అప్ప మొగుడిది. మాకు అప్పంటే అక్క. గొట్టం మూతిలోంచి మందు పోసి, పీచు కుక్కి, సీసపు గుండ్లు వేసి, మళ్ళీ పీచు పెట్టి ఇనపకడ్డీతో దట్టించే రకం. ఒకసారి పేలిస్తే మళ్ళీ సిద్ధం చేసేలోపల పంది పక్క ఊరు చేరుతుంది. తొంభైల్లో ఓ వానాకాలం జ్వరమొచ్చి బావ పోయాడు. అప్పకి ఇద్దరు ఆడపిల్లలూ, కొండవాలున రాగులు పండే ఇంత చోడిచేనూ, ఆ తుపాకీ మిగిలాయి.

బావ వైపువాళ్ళు తుపాకీ అడిగారు. అప్ప ఇవ్వలేదు. ఆడదానికి తుపాకీ దేనికన్నవాణ్ణి గుమ్మంలోంచే పంపేసింది. నేనోసారి కుంచెడు చోళ్ళు పట్టుకెళితే, పంట రాగానే కుంచెం మీద ఇంకో మానిక పోసి తిరిగి ఇచ్చింది. తమ్ముణ్ణే కదా అంటే, తమ్ముడివి కాబట్టే లోపలికి రానిచ్చానంది. మా అమ్మ తన కోపాన్ని మా ఇద్దరికీ పంచింది, అప్పకి ఓ గుప్పెడు ఎక్కువే పెట్టింది.

అలాంటి మనిషి తలెత్తుకుని తీసుకునేది తుపాకీ వాటా ఒక్కటే. అది ఆవిడ హక్కు. వేటకి తుపాకీ మోసేది నేను, పేల్చేదీ నేను. తిరిగొచ్చాక గొట్టం కడిగి, వలిసె నూనె రాసి, పొయ్యి పైన చెమ్మ తగలని చోట వేలాడదీసేది అప్ప. అడ్డాకుల్లో చుట్టి తెచ్చిన మాంసాన్ని అరచేతిలో పెట్టుకుని బరువు చూసి, ఇది తుపాకీ వాటాయా కుక్క వాటాయా అని నన్నో మాట అనేది. ఆ తర్వాత "కూకో, తిందువుగాని" అని పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, పిల్లలకంటే ముందు నాకు పెట్టేది. ఉప్పూ, పసుపూ, మిరపకాయా, అంతే. నాకు పెళ్ళయి వేరే ఇల్లున్నా ఆ పూట అక్కడే తినేవాణ్ణి. మా ఆవిడ ఏమీ అనేది కాదు. అన్నా నేను వినేవాణ్ణి కాదు.

మాకు చైత్రంలో విత్తనాల పండగ వస్తుంది. మగాళ్ళంతా వేటకి కొండెక్కాలి, ఏదో ఒకటి కొట్టుకురావాలి. ఉత్త చేతులతో వస్తే ఊరి మొగలో, ఊళ్ళోకి అడుగుపెట్టే చోటే, ఆడవాళ్ళు పేడనీళ్ళ కుండలతో కాచుక్కూర్చుంటారు. వేట నేరమని అప్పటికే ఫారెస్టువాళ్ళు చెప్పిపోయారు. తెలియదని ఇప్పుడు అబద్ధమాడను. కానీ ఒక్క రాత్రిలో చేను చేనంతా దున్నేసి పోయే పందుల్ని చూస్తే ఎవరికి ఏ చట్టం గుర్తుంటుంది?

బావ పోయిన మూడో ఏడనుకుంటాను. మధ్యాహ్నం వేళ పైనుంచి కొందరు డబ్బాలు వాయిస్తూ పందుల్ని కిందికి తోలుతున్నారు. కింద నీళ్ళు పారే గెడ్డ ఒడ్డున విల్లువాళ్ళు నిలబడ్డారు. మధ్యలో రాళ్ళ సందున నేనూ మా బావమరిదీ. నేను మందు పోసి, గుండ్లు వేసి, కడ్డీ లోపలికి దించి దట్టిస్తున్నాను. బావమరిది నోరు ఊరుకోదు. పోయినేడు నేను గురి తప్పిన సంగతి ఎత్తాడు. "బావా, నువ్వు పేలిస్తే పంది బెదరదు. నవ్వుకుంటా పోతాది" అన్నాడు.

ఆ మాట అక్కడితో వదిలేస్తే నేను నేనెందుకవుతాను? వాణ్ణి తిట్టాను, వాడి తండ్రిని తిట్టాను, ఆయన నాకు పిల్లనిచ్చిన మామ అని కూడా చూడలేదు. తిట్టు మధ్యలో ఉండగా కుక్కలు మొరిగాయి. గబగబా మందుకి నిప్పంటించే కేపు పెట్టాను. దానిమీద కొట్టే సుత్తిని, గుర్రమంటాం, ఎత్తాను. పొదలోంచి మొగపంది వచ్చింది, కోరలు తెల్లగా కనపడుతున్నాయి. మీట నొక్కాను.

చప్పుడు వేరేగా వచ్చింది. భుజం మీద ఎవరో గొడ్డలి తిరగేసి కొట్టినట్టయింది. కడ్డీ గొట్టంలోనే మరిచిపోయానని నాకప్పుడు తెలిసింది. అది సగం బయటికెగిరి ఎక్కడో పడింది. గొట్టం మూతి చీలిపోయింది, నడుమ గుడ్డు మింగిన పాములా ఉబ్బింది. నా ఎడమచేయి కాలింది. బావమరిది పక్క పొదలో కూర్చుని ఉన్నాడు, ఎలా పడ్డాడో వాడికే తెలియదు. పంది ఆ చప్పుడికి అడ్డంగా తిరిగి నేరుగా కిందికి పరిగెత్తింది. అక్కడ విల్లువాళ్ళు దాన్ని పడేశారు.

ఆ రోజు మాంసం కోస్తుంటే ముందుకాలు దగ్గరే నిలబడ్డాను. తుపాకీ పోయిందంటే అప్ప ఇంటికి వెళ్ళే ముందుకాలు పోయింది. నా వాటా అప్పకి ఇచ్చేయండి అన్నాను. ఊళ్ళో ముహూర్తాలు చెప్పే ముసలి దిసారి తలూపలేదు. నీ వాటా ఇస్తే అది నీ జాలి, మీ అప్ప జాలి తింటుందా అని అడిగాడు. తినదని అక్కడున్న అందరికీ తెలుసు. ఆయన చుట్ట ఆరిపోయేదాకా ఆలోచించి, ముందుకాలు తీసి విడిగా ఆకులో పెట్టాడు.

నేను వెళ్ళేసరికి అప్ప వాకిట్లో ఉంది. మాంసం వైపు చూడలేదు, తుపాకీ చూసింది. తర్వాత నా చేయి పట్టుకుని తిప్పి చూసి, లోపలికెళ్ళి నూనె తెచ్చి రాసింది. ఎలా జరిగిందో ఒక్క ముక్క దాచకుండా చెప్పాను. ఆవిడ తుపాకీ ఒళ్ళో పెట్టుకుని, ఆ ఉబ్బినచోట వేళ్ళతో తడుముతూ కూర్చుంది. "మీ బావ సేతి వస్తువు" అంది. అంతే. నాలుగు తిట్టినా బాగుండేది. నేను అంతకుముందు గానీ ఆ తర్వాత గానీ అంత సిగ్గుపడలేదు.

ఆకు విప్పి చూశాక మాత్రం కోపం వచ్చింది. "పేలిపోయిన తుపాకీకి వాటా ఏటిరా? నానేటి అడుక్కుతింతన్నానా?" అని, నా సమాధానం వినకుండా ఆకు చేతపట్టుకుని దిసారి ఇంటికి నడిచింది. వెనక నేను, నా వెనక సగం ఊరు.

దిసారి లేవలేదు. పందిని విల్లువాళ్ళ మీదికి తోలింది ఎవరో చెప్పమన్నాడు. తుపాకీ చప్పుడే కదా అన్నారు జనం. "మరింకేటి? కొండెక్కినాది, పని సేసినాది, వాటా తీసుకుంటాది" అన్నాడు. వచ్చే ఏడు మాటేమిటని అప్ప అడిగింది. వచ్చే ఏడూ కొండెక్కితే వచ్చే ఏడూ వాటానే, గోడకు వేలాడితే లేదు అన్నాడాయన. దాన్ని మోసేదెవరని ఎవరూ అడగలేదు. అందరూ నా వైపే చూశారు.

సంతలో కమ్మరికి చూపిస్తే పొయ్యి ఊదుకోవడానికి పనికొస్తుందన్నాడు. వాడితోనూ పోట్లాడాను.

అలా ఆ పేలని తుపాకీని ఏటేటా మోశాను. తోలేవాళ్ళతో పైన నడుస్తూ, గులకరాయితో గొట్టం మీద వాయించేవాణ్ణి. మంచి ఇనుము, డబ్బాలకంటే దూరం వినిపించేది. కొత్తల్లో నవ్వారు. తర్వాత తుపాకీ గంట వినపడందే విల్లువాళ్ళు కదిలేవారు కాదు. అప్ప ముందురోజే దానికి నూనె రాసి సిద్ధంగా ఉంచేది. తిరిగి రాగానే, మోసినావా, రాయికి ఆనించి తొంగున్నావా అని అడిగేది. ఉత్త చేతులతో వచ్చిన ఓ ఏడు ఊరి మొగలో ఆడవాళ్ళందరికంటే ముందు నిలబడింది. "తుపాకీ ఇలాగియ్యి" అని జాగ్రత్తగా అందుకుని, ఎడంగా మామిడిచెట్టుకి ఆనించి వచ్చి, అప్పుడు కుండెడు పేడనీళ్ళు నా నెత్తిన కుమ్మరించింది.

వాటా తీసుకునేది. బరువు చూసేది. నాతో ఎప్పటిలాగే మాట్లాడేది, చేలో పనికి పిలిచేది, అంబలి పోసేది. ఆ వేట మాంసం మాత్రం నాకు పెట్టేది కాదు. గుమ్మంలో ఆకు అందుకుని, "బేగి ఇంటికెల్లు, నీ పెల్లం సూత్తుంటాది" అనేది. నేను అడగలేదు. ఎలా అడుగుతాను? ఇంటికొచ్చి మా ఆవిడ వండింది తిని, బాగుందనేవాణ్ణి. ఆ ఒక్క మాటా నా నోటినుంచి ఏడాదికొక్కసారే వస్తుందని మా ఆవిడ అందరికీ చెప్పేది.

రెండువేలు దాటాక కాఫీ తోటలు పెరిగాయి, అడవిలోకి ఫారెస్టువాళ్ళ రాకపోకలు పెరిగాయి. వేట ఇక వద్దని ఊరే కూర్చుని అనుకుంది. పండగనాడు కొండెక్కి, ఒక కోడిని కోసి, దిగి రావాలి. ఆ మొదటి ఏడు తుపాకీ తేవాలా వద్దా అని నాకు సందేహం. అప్ప నూనె రాసి గుమ్మానికి చేర్చి ఉంచింది. భుజాన వేసుకున్నాను. కొండమీద పందిలేదు, పక్షిలేదు, అయినా దారంతా వాయించాను.

ఒక్క కోడి, ముప్పై ఇళ్ళు. దిసారి అప్పటికి మరీ ముసలివాడయ్యాడు. అయినా ముందుగా తుపాకీకి తీశాడు. బొటనవేలంత ముక్క, అందులో సగం ఎముక.

దాన్ని అడ్డాకులో చుట్టుకుని అప్ప గుమ్మంలో నిలబడ్డాను. ఆకు విప్పింది. అరచేతిలో పెట్టుకుని ఎప్పటిలాగే బరువు చూసింది. కుక్క వాటా అంటుందనుకున్నాను. నా భుజం వైపు చూసింది, తుపాకీ పట్టీ ఒరుసుకుని అక్కడ చర్మం నల్లబడి ఉంది. తుపాకీ అందుకుని లోపల వేలాడదీసి వచ్చింది.

"ఇది తుపాకీ వాటా కాదురా, మోసినోడిది. కూకో, తిందువుగాని."

పొయ్యి దగ్గర నా పాత చోటులోనే కూర్చున్నాను. పొగకి కళ్ళలో నీళ్ళొచ్చాయని చెప్పాను, పొయ్యి ఇంకా వెలిగించలేదు. అప్ప ఆ ముక్కని ఇంత ఉప్పూ, పసుపూ, మిరపకాయా వేసి, కుండ నిండా నీళ్ళు పోసి ఉడికించింది. ముందు నాకు వడ్డించింది. ముక్క కూడా నా ఆకులోనే వేసింది. ఎముకతో సహా నమిలేశాను.