మర్చిపోమన్న పాస్‌వర్డ్

ఈ రోజు సాలూరులో మా లారీ ఆఫీసు కంప్యూటర్లలోకి విజయనగరం హెడ్డాఫీసు రమణ అక్కడినుంచే కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించడం మొదలుపెట్టాడు. మౌస్ దానంతటదే తిరుగుతుంటే నేను చేతులు కట్టుకుని చూస్తున్నాను. ఇంతలో అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతూ మొదటి కంప్యూటర్ ఆగిపోయింది. వెంటనే రమణ ఫోన్ చేశాడు.

"అక్కా, ఆ పాస్‌వర్డ్ అడిగే డబ్బా ఇక్కడ నాకు కనబడ్డం లేదు. పాస్‌వర్డ్ నాను సెప్తాను, నువ్వు కొట్టీ. కొట్టీసి మర్సిపో."

"మర్సిపోడమేట్రా?"

"రూలక్కా!"

కొట్టాను. మర్చిపోదామనుకున్నకొద్దీ అది బుర్రలో తిష్ఠ వేసింది.

మధ్యాహ్నం రెండో కంప్యూటర్ కూడా అక్కడే ఆగింది. మళ్ళీ రమణే: "అక్కా, పొద్దుట పాస్‌వర్డ్ గుర్తున్నాదా?"

అవసరానికి అడిగాడో, నన్ను పరీక్షించాడో అర్థం కాలేదు. "ఏ పాస్‌వర్డు?" అన్నాను. "సర్లే అక్కా" అని ఫోన్ పెట్టేశాడు.

రెండో కంప్యూటర్ ఇంకా అలాగే ఉంది. నేను పాసయ్యానో, ఫెయిలయ్యానో మీరే చెప్పండి.